ప్రార్థన నేర్పిన బడి

మా బడిలో చదివిన పిల్లలకు లెక్కలు వచ్చాయా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పగలను. ఏ సంవత్సరం ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో, ఎవరు ఎక్కడ తప్పారో నాకు ఇంకా గుర్తే. భక్తి వచ్చిందా అని అడిగితే మాత్రం ఆలోచించాలి. మిషన్ బడిలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. మొదట లెక్కల టీచరుగా, చివరి పదకొండేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా. 2019 ఏప్రిల్ నెలాఖరున రిటైరై మహబూబ్‌నగర్ వచ్చి ఉంటున్నాను. ఇక్కడికి అప్పుడప్పుడు కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరే ఆడపిల్లలు వచ్చి ఆ రెండో ప్రశ్నే అడుగుతారు. వాళ్లకోసం రాస్తున్నాను.

మా బడి కొల్లాపూర్‌కు బస్సులో గంట దూరంలో ఉండేది. ఆడపిల్లల హైస్కూలు, దానికి ఆనుకుని హాస్టల్. హాస్టల్లో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల పిల్లలు. ఊళ్లోనుంచి వచ్చి చదువుకునేవాళ్లలో మగ్గం నేసేవాళ్ల పిల్లలు, ముస్లిం పిల్లలు కూడా చాలామంది. వారానికి రెండు పీరియడ్లు బైబిలు పాఠం. ఇష్టమున్నవాళ్లు కూర్చోవచ్చు, లేనివాళ్లు కుట్టుపనికి పోవచ్చు. బైబిలు పరీక్షలో ఒక ఏడు మొదటి మార్కు టైలర్ ఖాజా మియా కూతురికి వచ్చింది. మా క్రైస్తవ పిల్లలు ముఖాలు ముడుచుకున్నారు. నేను ఆ తండ్రిని పిలిచి, మీకేం అభ్యంతరం లేదు కదా అని అడిగాను. ఆయన టేపు మెడలో వేసుకునే వచ్చాడు. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం. ఇబ్రహీం, మూసా, యూసుఫ్, అందరు మావోళ్లే గద. మా బిడ్డకు ఇంట్ల ఇన్న కథలే. మీ పిల్లలు ఇంట్ల ఇంటలేరేమో" అని నవ్వి పోయాడు.

ఆయన హాస్యానికి అన్నా నాకు అది పాఠమే అయింది. కథ తెలియడం వేరు, మార్కు రావడం వేరు, దేవుడితో మాట్లాడటం వేరు. మొదటి రెండూ బడి నేర్పగలదు. మూడోది నేర్పుతుందా, ఉన్నదాన్ని పోగొడుతుందా అన్నది నేను సుజాత అనే పిల్ల దగ్గర చూశాను.

గొలుసు ప్రార్థన

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చిన పది రోజులకు బడి తెరిచాం. ఆ రోజే సుజాతను వాళ్ల అవ్వ తీసుకొచ్చి ఆరో తరగతిలో చేర్పించింది. తల్లి లేదు. తండ్రి బోరుబండి మీద పనిచేసేవాడు. ఆ బండి ఎక్కడ నీళ్లు లేకపోతే అక్కడికి పోతుంది. రాయచూరు దిక్కు, అనంతపురం దిక్కు నెలల తరబడి తిరిగి, వానాకాలంలో మాత్రం ఇంటి దగ్గర ఉండేవాడు. అవ్వ ఊళ్లో చిన్న ప్రార్థన మందిరం ఊడ్చేది. ఆమెకు చదువు రాదు.

హాస్టల్లో సాయంత్రం అన్నానికి ముందు గొలుసు ప్రార్థన చేసేవాళ్లం. పిల్లలంతా వరండాలో గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు ప్రార్థన చేసి ఆపగానే పక్క పిల్ల అందుకుంటుంది. అలా చివరిదాకా పోవాలి. లోపల అన్నం చల్లారుతుంటుంది కాబట్టి పిల్లలు తొందరగానే కానిచ్చేవాళ్లు. ఎవరు చేసినా మాటలు ఇంచుమించు ఒకటే. మహోన్నతుడవగు తండ్రీ అని మొదలుపెట్టి, ఈ దినమంతయు నీ రెక్కల నీడలో కాచి కాపాడినందుకై వందనములు అని చెప్పి, ఆమెన్ దగ్గరికి వచ్చేస్తారు. ఇంట్లో ఒక్కరూ అలా మాట్లాడరు. గుడిలో, చర్చిని మేం అలాగే అంటాం, పెద్దవాళ్లు ప్రార్థిస్తే విని నేర్చుకున్న తెలుగు అది.

సుజాత వంతు మొదటిసారి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్ల కళ్లు మూసుకుని మామూలు గొంతుతో మొదలుపెట్టింది.

"దేవా, మా నాయిన బోరుబండి మీద ఉన్నడు. నీళ్లు జల్ది పడెటట్టు జెయ్యి. పడకుంటె సేటు గుస్స అయితడు. నాయినకు దుమ్ముకు దగ్గు లేసింది. జర సూడు. ఈడ పప్పు మంచిగుంది. అవ్వ ఏం తిన్నదో ఏమో. గంతే."

ఆమెన్ అనలేదు. 'గంతే' అనగానే వరండా అంతా నవ్వు. పక్క పిల్లకు నవ్వు ఆగక తన వంతు తప్పింది. సుజాత కళ్లు తెరిచి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక తనూ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పుట్టిన దగ్గరనుంచి క్రైస్తవురాలిని, పాస్టరు కూతురిని. అంత సూటి ప్రార్థన అంతకుముందు వినలేదు.

తరువాత మూడు నాలుగు నెలలు ఆ పిల్ల వంతుకోసం నేను పని ఉన్నా లేకపోయినా వరండాకు పోయేదాన్ని. బోరుబండి ఎక్కడుందో, ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో ఆ ప్రార్థనలోనే తెలిసేది. ఒక రోజు తొమ్మిది వందల అడుగులు వేసినా పడలేదని దేవుడి మీద అలిగి, "నీకు నీళ్లు ఏడున్నయో ఎరుకే గద, చెప్పెతందుకేంది" అని అడిగింది. పిల్లలు నవ్వడం మానేశారు. వాళ్లూ వినేవాళ్లు. ఒకరిద్దరు తమ మేకల సంగతి, తమ్ముడి జ్వరం సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

అయ్యగారు

మా కరస్పాండెంటు పాస్టరే. అందరం అయ్యగారు అనేవాళ్లం. ఆ ఏడు దసరా సెలవుల తరువాత బుధవారం సాయంత్రాలు ఆయన వచ్చి గొలుసు ప్రార్థనలో కూర్చోవడం మొదలుపెట్టారు. సుజాత ప్రార్థన ఆయన చెవిన పడ్డది అలాంటి ఒక బుధవారమే. ముగిసిన తరువాత పిల్లను దగ్గరికి పిలిచి, కోపం లేకుండా, దేవునితో అట్లా మాట్లాడరాదమ్మా, తహసీల్దారు ముందరికి పోతే ఎట్లా నిలబడతావు, అంతకన్నా పెద్దవాడు కదా అని చెప్పారు. కూర్చోబెట్టి తన ప్రార్థన ఒకటి వాక్యం వాక్యం పలికించారు. సుజాత చురుకైన పిల్ల. రెండుసార్లకే వచ్చేసింది. ఆయన తల మీద చేయి పెట్టి మెచ్చుకున్నారు.

ఆయన గురించి చెడ్డగా రాస్తే అబద్ధం అవుతుంది. హాస్టల్లో మోటారు చెడిపోతే లుంగీ ఎగగట్టి తానే బాగుచేసేవారు. పిల్లకు రాత్రి కడుపునొప్పి వస్తే తన స్కూటర్ మీద దవాఖానకు తీసుకుపోయేవారు. టీచర్లకు జీతం ఆలస్యమైన నెల తన జీతం కూడా తీసుకునేవారు కాదు. అలాంటి పెద్దమనిషి కింద పనిచేయడం అదృష్టమే. అయినా మరునాడు ఆఫీసు గదిలో ఆయనతో వాదించాను. పిల్ల తన మాటల్లో చేసుకుంటే ఏం నష్టం, ఇక మీదట మనకు వినిపించేది మీ ప్రార్థనే కదా అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. గుడిలో మాట్లాడే తెలుగు వదిలేసి, నేను ఎప్పుడూ వినని గొంతుతో అన్నారు.

"మేడం, మా తాత ఊళ్లె దొర ముందర నోరు ఇప్పలే. ఇప్పితె, ఏం భాషరా నీది అని నవ్విండ్రు. గుడిల మొదటిసారి పెద్దోళ్ల తెలుగు మాట్లాడిండు. గా నాడు మా తాత మనిషైండు. గీ పిల్లలు రేపు ఏడికి పోయినా నవ్వులపాలు గావొద్దు. తప్పా?"

ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర సగం జవాబే ఉంది. మీరు ఉద్యోగంలో చేరాక మీ పైవాళ్లలో చాలామంది మీకు తప్పుగా కనబడతారు. వాళ్ల తప్పు వెనక ఒక తాత ఉంటాడు. అది తెలిసిన తరువాత కూడా తప్పు తప్పే. పోట్లాడటం మాత్రం కష్టమవుతుంది.

బాగా నేర్చుకున్న పిల్ల

ఏడో తరగతికి వచ్చేసరికి సుజాత అంత బాగా ప్రార్థన చేసే పిల్ల హాస్టల్లోనే లేదు. అయ్యగారు నేర్పినది అలాగే అప్పజెప్పడం కాదు, అదే తెలుగులో సొంతంగా అల్లగలదు. ఎవరైనా పెద్దలు బడి చూడటానికి వస్తే మొదట సుజాతనే నిలబెట్టేవాళ్లం. క్రిస్మస్ కార్యక్రమంలో ఆమె ప్రార్థనకు కొందరు కళ్లు తుడుచుకున్నారు. చదువులోనూ ముందే. బీజగణితం ఆ పిల్లకు చెప్పడం పండుగలా ఉండేది. మిషన్ బడి చదువు చెప్తుందా, భక్తి నేర్పుతుందా అని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే, ఇదిగో అని సుజాతను చూపించేవాళ్లం.

బోరుబండి ఎక్కడుందో మాత్రం ఇక మాకు తెలియలేదు. మేకలు, జ్వరాలు కూడా వరండానుంచి వెళ్లిపోయాయి. నేను వంతుకోసం వెళ్లడం తగ్గించాను.

ఎనిమిదో తరగతి, జనవరి. ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. రాయచూరు దగ్గర బోరుబండి మీద ఇనుప రాడ్డు జారి సుజాత తండ్రి కాలు నలిగిపోయిందని, మహబూబ్‌నగర్ దవాఖానకు తెస్తున్నారని, పిల్లను పొద్దున పంపమని. నేనే సుజాతకు చెప్పాను. ఏడవలేదు. కాలు ఉంటదా మేడం అని ఒకటే అడిగింది. తెలియదని చెప్పాను. సంపాదించే ఒక్కడికి కాలు పోతే ఆ ఇంట్లో ఈ పిల్ల చదువు సాగదని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు బుధవారం. అయ్యగారు వచ్చి కూర్చున్నారు. విషయం పిల్లలందరికీ తెలుసు, ఒక్కరు కదలడం లేదు. సుజాత వంతు వచ్చింది. కళ్లు మూసుకుంది. మహోన్నతుడవును మహిమాస్వరూపుడవునైన తండ్రీ అని మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు. దేశాన్ని ఏలేవారి కోసం అడిగింది, బడి కోసం అడిగింది, రోగులందరి కోసం అడిగింది. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను, ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు నాయిన అంటుంది అని. అనలేదు. ఆమెన్ చెప్పింది. పక్క పిల్ల అందుకుంది.

అన్నాలకు లేచాక అయ్యగారు నా దగ్గరికి వచ్చి, పిల్లకు తండ్రి సంగతి చెప్పారా అని మెల్లగా అడిగారు. చెప్పాను అన్నాను. ఆయన అన్నం తినకుండా స్కూటర్ తీసి వెళ్లిపోయారు.

పొద్దున మొదటి బస్సుకు సుజాతను తీసుకుని మహబూబ్‌నగర్ పోయాను. ఎముకల వార్డులో తండ్రి మత్తుమందు మగతలో ఉన్నాడు. కాలికి తొడదాకా కట్టు. మంచం పక్కన నేల మీద అవ్వ కూర్చుని పైకే మాట్లాడుతోంది. ఎవరితోనని మొదట అర్థం కాలేదు.

"ఏమయ్య, నా కొడుకు కాలు నీకేం అడ్డమొచ్చింది? నీ గుడి ఊడుస్తున్న గద, ఒక్క నాడన్న తప్పిన్నా? ఇంగ నీతోని నేను మాట్లాడ, పో." కొంగుతో ముక్కు తుడుచుకుని, మళ్లీ వెంటనే, "సరె గని, కాలు ఉంచు. గంతే అడుగుతున్న" అన్నది.

పక్క మంచం మనిషి బంధువులు ఇటు చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. సుజాత ముఖం ఎర్రబడింది. వంగి అవ్వ చేయి పట్టుకుంది.

"అవ్వా, దేవునితోని గట్ల మాట్లాడొద్దు."

అవ్వ తలెత్తి మనుమరాలిని చూసింది. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"మరెట్ల మాట్లాడాలె బిడ్డా? నాకు వేరే మాటలు రావు."

సుజాత నోరు తెరిచింది. మాటలు ఆ పిల్లకు వచ్చు, ఆ వార్డు అంతా లేచి నిలబడేంత మంచి మాటలు. కానీ ఒకటీ బయటికి రాలేదు. తండ్రి పాదం బయటికి ఉంటే దాని మీద దుప్పటి లాగి కప్పింది. చాలాసేపు దుప్పటి సర్దుతూనే ఉంది.

బడి నేర్పిన ప్రార్థన ఆ పిల్లకు అక్కరకు రాలేదు. ఇంటినుంచి తెచ్చుకున్నదాన్ని తప్పు అని మేమే చెప్పాం. రెండింటి మధ్య ఆ పిల్ల తన భయాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది? మిషన్ చదువు ఫలితం ఏమిటని మీరు నన్ను అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది ఆ దుప్పటే.

బడి మారడం

కాలు ఉంది. లోపల రాడ్డు వేశారు. బోరుబండి పని మాత్రం ఇక చేయలేడు. జూన్‌లో బడి తెరిచేనాటికి అవ్వ టి.సి. అడగటానికి వచ్చింది. ప్రభుత్వం కొత్తగా పెట్టిన గురుకులంలో సుజాతకు తొమ్మిదిలో సీటు దొరికింది. అయ్యగారు అన్నీ తామే చూసుకుంటామని బతిమాలినట్టే అడిగారు. అవ్వ ఒప్పుకోలేదు. అక్కడ ఇంగ్లీషు మీడియం, పుస్తకాలు, బట్టలు, వారంలో ఇన్ని రోజులు గుడ్డు అని చెప్పింది. ఆమె చెప్పినదంతా నిజమే. మా బడిలో సైన్సు గది తాళం తీయడమే అపురూపం. చదువు వరకే లెక్కవేస్తే నేనూ నా బిడ్డను అక్కడికే పంపేదాన్ని. ఆ మూడు నాలుగేళ్లలో మా హాస్టల్ పిల్లలు చాలామంది అలాగే వెళ్లిపోయారు. నేను రిటైరయ్యేనాటికి సాయంత్రం వరండాలో గుండ్రంగా కూర్చోవడానికి పిల్లలు చాలేవాళ్లు కారు. ఒక వరుసగా కూర్చునేవాళ్లు.

ఇప్పుడు హాస్టల్ మూసేశారు. ఆ బడిని తలుచుకుంటే నాకు బెంగ మార్కుల మీద కాదు, కట్టడాల మీద కాదు. సాయంత్రం వంట గదినుంచి పొగ వస్తుంటే, ఎదిగీ ఎదగని ఆడపిల్లలు ఒకరి తరువాత ఒకరు తమ ఇంటి సంగతి దేవుడికి చెప్పుకున్న మూడు నాలుగు నెలలున్నాయే, ఆ నెలలమీద. ముప్పై నాలుగేళ్లలో అంతే. మిగతా ఏళ్లన్నీ ఆ నెలల పక్కన పెట్టి చూస్తే నాకు చిన్నవిగానే కనబడతాయి. ఇక్కడ గుడిలో ఎవరైనా ప్రార్థనకు లేస్తే, ఇప్పటికీ ఒక క్షణం ఆశగా చెవి పెడతాను.

కాబట్టి కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగేది తక్కువే. పాఠం బాగా చెప్పండి, అది మీ చేతిలో పని. భక్తిని పిల్లలు కొంత ఇంటినుంచి మోసుకొస్తారు. మీరు కొత్తది ఇవ్వబోయే ముందు వాళ్లు తెచ్చినదేమిటో వినండి. వినడానికి సిలబస్‌లో పీరియడ్ ఉండదు. వరండాలో కూర్చోవాలి.

సుజాత గురుకులంలో ఇంటర్ దాకా చదివి, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, హైదరాబాదులో ఒక దవాఖానలో పనిచేస్తోంది. క్రిస్మస్‌కు ఫోన్ చేసి మంచిగున్నరా మేడం అని అడుగుతుంది. తండ్రి కర్ర పట్టుకుని నడుస్తున్నాడని, అవ్వ చెవులు వినబడటం లేదని చెప్తుంది. గుడికి పోతున్నావా అని నేను అడగను. అడిగే హక్కు ఉన్నట్టు నాకు అనిపించదు.

టి.సి. తీసుకున్న రోజు పొద్దున అసెంబ్లీలో అయ్యగారు సుజాతను ముందుకు పిలిచారు. వెళ్లేముందు బడికోసం ప్రార్థన చెయ్యమన్నారు. ఆ పిల్ల వచ్చి నిలబడి చేతులు కట్టుకుని కళ్లు మూసుకుంది. పిల్లలంతా తల వంచారు. సుజాత పెదవులు కదలలేదు. మొండితనం కాదు, ముఖంలో అది లేదు. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియనట్టు నిలబడింది. ఎండ అప్పటికే ఎక్కింది. ముందు వరుసలో చిన్నపిల్లలు ఒక కన్ను తెరిచి చూస్తున్నారు.

చివరికి అయ్యగారు పక్కకు వచ్చి నిలబడి తానే మొదలుపెట్టారు. మహోన్నతుడవగు మా తండ్రీ అన్నారు. ఆగారు. మళ్లీ అదే అన్నారు, మళ్లీ ఆగారు. ఆ తరువాత, ఆఫీసు గదిలో ఒకసారి విన్న గొంతు వచ్చింది.

"అయ్యా, గీ పిల్ల పోతాంది. మాకు మనసున పడ్తలేదు. నువ్వు జర ఎంట పో. వాళ్ల నాయిన కాలు సక్కగ జెయ్యి. ముసల్దాన్ని సూడు. గీ పిల్ల నీతోని ఎప్పుడన్న మాట్లాడితె, ఎట్ల మాట్లాడినా, గట్లనే ఇను."

ఆయన ఆమెన్ చెప్పడం మరిచిపోయారు. కాసేపు చూసి పిల్లలే అందరూ ఒక్కసారిగా ఆమెన్ అన్నారు. నేను కళ్లు మూసుకునే, అంతమంది గొంతుల్లో ఒక్క గొంతుకోసం చెవి రిక్కించాను. ఉన్నదో లేదో తెలియలేదు. కళ్లు తెరిచేసరికి సుజాత అప్పటికే అవ్వ చేతిలోని బట్టల మూట అందుకుని గేటు వైపు నడుస్తోంది.